పార ఆగితే బాట ఆగుతుంది

పెరూ కొండల్లో అపురిమాక్ నది మీద ఒక గడ్డి వంతెన ఉంది. పేరు కేస్వాచాకా. పొడవు 30 మీటర్లకు కాస్త అటూఇటూ. పూర్వం ఆ కొండలను ఏలిన ఇంకాల కాలం నాటిదని చెబుతారు, ఆ మాట నిజమే. అయితే దాని తాళ్లలో ఏ ఒక్కటీ ఏడాదికి మించి పాతది కాదు. చుట్టుపక్కల నాలుగు ఊళ్లవాళ్లు ఏటా జూన్‌లో నది దగ్గర కలుస్తారు. ఇళ్లలో పేనిన గడ్డితాళ్లను జడల్లా అల్లి మోకులు చేస్తారు. మూడు రోజుల్లో కొత్త వంతెన వేలాడదీసి, పాతదాన్ని కోసి నదిలో వదిలేస్తారు. 2013లో యునెస్కో తన అమూర్త వారసత్వ జాబితాలోకి ఎక్కించింది కూడా ఈ అల్లికపనినీ, దాని చుట్టూ ఉన్న తంతునే. 2020లో కోవిడ్ వల్ల జనం కూడలేదు, తాళ్లు మారలేదు. 2021 మార్చిలో వంతెన దానంతట అదే తెగి నీళ్లలో పడింది. ఆ జూన్‌లో మళ్లీ కట్టారు.

అయిదు వందల ఏళ్ల కట్టడానికి ఒక్క ఏడు విరామం ఇస్తే అదీ గతి. రాతి కోటలు, బురుజులు వందేళ్ల నిర్లక్ష్యాన్నయినా ఓర్చుకుంటాయి. కాలిబాటలకు అంత ఓపిక లేదు. నాలుగు వానాకాలాలు పట్టించుకోకపోతే చాలు, ముళ్లకంప మూసేస్తుంది, వాగు గండి కొడుతుంది, విరిగిన చెట్టు అడ్డం పడితే దాన్ని తప్పించుకుంటూ ఇంకో దారి పుడుతుంది. పాత బాటల పునరుద్ధరణ గురించి ఎక్కడ చర్చ జరిగినా మాటలన్నీ ప్రారంభోత్సవం చుట్టూనే తిరుగుతాయి. ఎన్ని కిలోమీటర్లు, ఎంత ఖర్చు, ఎంతమంది వస్తారు? తెరిచిన మరుసటి ఏడాది పార పట్టుకుని ఎవరు వెళ్తారన్న ప్రశ్న మాత్రం అరుదుగా వినబడుతుంది. ఏ బాట విలువైనా చివరికి ఆ ప్రశ్న దగ్గరే తేలుతుంది.

నీళ్లతో పేచీ

బాటను పాడుచేసేవి కాళ్లేనని అనుకుంటాం. కాళ్ల పాత్ర కొంతే, అసలు పేచీ నీళ్లతో. నడిచీ నడిచీ నేల అణిగి గట్టిపడుతుంది, నీరు ఇంకదు. చుట్టూ ఉన్న నేలకన్నా బాట ఒక్క అంగుళం పల్లమైతే చాలు, వాన పడినప్పుడు అదే కాలువ. నీరు వేగం పుంజుకుని మట్టిని కోసుకుపోతుంది, అడుగున ఉన్న రాళ్లు తేలతాయి. రాళ్ల మీద కాళ్లు నొప్పి పుట్టి జనం పక్కన గడ్డి మీదికి జరుగుతారు. అక్కడా గడ్డి చస్తుంది, అక్కడా కాలువ పడుతుంది. కొన్నేళ్లకు ఒక్క బాట ఉన్నచోట నాలుగైదు పాయలు చీలి, కొండ మీద పెద్ద గాయంలా దూరం నుంచే కనబడుతుంది.

దీన్ని ఆపే విద్య పాతదే. బాటను కొండకు అడ్డంగా నడిపించాలి, నిటారుగా ఎక్కించకూడదు. బాటలు వేసేవాళ్లకు ఒక లెక్క ఉంది: కొండ వాలు ఎంతుందో బాట వాలు అందులో సగం దాటకూడదు. కొండది 20 శాతం అయితే బాటది 10 శాతంలోపు ఉండాలి. అది దాటితే నీరు బాటను కోసుకుని అవతలికి పోకుండా బాట వెంటే కిందికి దిగుతుంది. అడుగులు పడే నేలను లోయవైపు కొద్దిగా, 5 శాతం మేర, వంచుతారు. దిగుతున్న బాటను అక్కడక్కడా నాలుగడుగులు పైకెక్కించి మళ్లీ దించుతారు. ఆ చిన్న పల్లం దగ్గర నీరు పక్కకు తప్పుకుంటుంది. నడిచేవాళ్ల దృష్టి ఇవేవీ పట్టవు. బాగా వేసిన బాట మీద మనిషి చెట్లను చూస్తాడు, కొండలను చూస్తాడు, కాళ్ల కిందికి మాత్రం చూడడు.

ఆ పల్లంలోనే ఆకులు, ఒండ్రు చేరతాయి. ఏడాదికి ఒకటి రెండుసార్లు ఎవరో ఒకరు వెళ్లి పారతో గోకి పక్కకు లాగాలి. ఒక్క మనిషికి కాసేపటి పని. వరసగా కొన్నేళ్లు చేయకపోతే పల్లం పూడి, నీరు తిరిగి బాటెక్కుతుంది. ఆ దశ దాటాక పారతో అయ్యేదేమీ ఉండదు, హెలికాప్టర్ కావాలి.

హెలికాప్టర్ అన్నది మాటవరసకు కాదు. ఇంగ్లండ్‌కు వెన్నెముకలాంటి పెన్నైన్ కొండల మీదుగా స్కాట్లాండ్ సరిహద్దు దాకా సాగే పెన్నైన్ వే 1965 ఏప్రిల్ 24న తెరుచుకుంది. పొడవు దాదాపు 431 కిలోమీటర్లు. అందులో చాలా భాగం పీట్ నేల, అంటే వేల ఏళ్లుగా నాచూ గడ్డీ కుళ్లీ కుళ్లకుండా పేరుకుని, స్పాంజిలా నీరు పట్టుకున్న నల్లటి నేల. జనం పెరిగేకొద్దీ అది బురదగుంటలా తయారైంది. బురద తప్పించుకోబోయినవాళ్లు ఆ బురదనే మరింత వెడల్పు చేశారు. చివరికి మూతబడిన పాత నూలు మిల్లుల నేలపలకలను పీకి తెచ్చి, హెలికాప్టర్లతో కొండ మీదికి చేర్చి, పీట్ మీద తేలినట్టుండేలా పరిచారు. యంత్రాలు బిగించిన రంధ్రాలు కొన్ని పలకల మీద ఇప్పటికీ ఉన్నాయి. ఎవరూ లేని బయలు మీద ఈ రాతి చపటా ఏమిటని అప్పట్లో చాలామంది సణిగారు. ఆ సణుగుడు అన్యాయమేమీ కాదు, ఏకాంతం వెతుక్కుంటూ వెళ్లినవాడికి పేవ్‌మెంట్ ఎదురైతే ఎవరికైనా చిరాకే. కానీ పలకలకు ఇరుపక్కలా పచ్చదనం తిరిగి లేచింది, జనం మళ్లీ ఒక్క వరసలో నడుస్తున్నారు. కాళ్లన్నిటినీ ఒక్క గీత మీదికి తెచ్చి, మిగతా కొండను వాటి నుంచి కాపాడటం కూడా మంచి బాట చేసే మేళ్లలో ఒకటి. పర్యావరణం పేరుతో బాటలను వ్యతిరేకించేవాళ్లు ఈ సంగతి తరచు మరిచిపోతారు.

రాతిపని అనేది నేర్చుకుంటేగానీ రాని విద్య. నార్వేలో పర్యాటకుల తాకిడికి కోసుకుపోయిన కొండబాటలకు రాతిమెట్లు పేర్చడానికి నేపాల్ నుంచి షెర్పాలను పిలిపించుకుంటున్నారు. ఇరవై ఏళ్లకు పైగా ఇది సాగుతోంది. ట్రోమ్సో ఊరి పక్కన కొండెక్కే మెట్లదారికి షెర్పాల పేరే స్థిరపడింది. ప్రపంచంలోని సంపన్న దేశాల్లో ఒకటి సున్నం లేకుండా రాయి మీద రాయి నిలబెట్టే చేతుల కోసం హిమాలయాల దాకా వెళ్లాల్సి వచ్చింది. ఒక బాటను వదిలేసినప్పుడు దారితో పాటు ఇంకేం పోతుందో దీన్నిబట్టి అర్థమవుతుంది. సున్నం వాడని రాతికట్టు విద్యను 2018లో యునెస్కో ఎనిమిది యూరప్ దేశాల పేరున అమూర్త వారసత్వంగా గుర్తించింది. ఆ కట్టులో గొప్పతనం దాని సందుల్లో ఉంది. నీరు సందుల్లోంచి కారిపోతుంది కాబట్టి గోడ ఉబ్బదు, పగలదు. అదే చోట సిమెంటు పూస్తే నీరు వెనక నిలిచి ఏదో ఒకనాడు గోడనే తోసేస్తుంది. పాత బాటలను బాగుచేస్తున్నామనుకుంటూ చేసే తప్పుల్లో సిమెంటుదే మొదటి స్థానం.

ఎవరి బడ్జెట్

కొత్త బాటకు డబ్బు దొరికినంత సులువుగా ఉన్న బాటకు దొరకదు. కారణం తెలిసిందే: పూడిక తీసిన కాలువకు శిలాఫలకం వేయరు. ఈ ధోరణి పేద దేశాలకే పరిమితం కాదు. అమెరికా అటవీ శాఖ చేతిలో ఉన్న కాలిబాటలు 1,58,000 మైళ్లు, అంటే రెండున్నర లక్షల కిలోమీటర్లు. భూమిని ఆరుసార్లు చుట్టి రావచ్చు. ఆ దేశపు ప్రభుత్వ లెక్కల తనిఖీ సంస్థ 2013లో ఇచ్చిన నివేదిక ప్రకారం, అంతకు ముందు ఏడాది వాటిలో ఎంతో కొంత నిర్వహణ పని జరిగింది 37 శాతానికే. శాఖ తనకు తాను పెట్టుకున్న ప్రమాణాలకు సరితూగినవి దాదాపు నాలుగో వంతు. పేరుకుపోయిన నిర్వహణ పనుల విలువ 31 కోట్ల డాలర్లకు పైనే. 2020లో కొత్త చట్టం చేసి, జాతీయ పార్కులూ అడవులూ వగైరా ప్రభుత్వ భూముల్లో పేరుకున్న మరమ్మతులన్నిటికీ కలిపి ఏడాదికి 190 కోట్ల డాలర్ల దాకా అయిదేళ్లపాటు కేటాయించారు. అందులో బాటలు రోడ్లతో, భవనాలతో, నీటి పైపులతో పోటీ పడాలి.

వాయిదా వేసిన పని వడ్డీ పెరిగిన అప్పులా తిరిగొస్తుంది. ఇటలీలో చింక్వె తెర్రె తీరాన రియోమజ్జోరె, మనరోలా ఊళ్ల మధ్య సముద్రం అంచున ఒక చిన్న బాట ఉంది, కిలోమీటరు కూడా ఉండదు. ‘ప్రేమ బాట’ అని పేరు. 2012 సెప్టెంబరులో కొండచరియ విరిగి పర్యాటకులు గాయపడ్డారు, బాట మూశారు. తిరిగి పూర్తిగా తెరిచింది 2024లో. కిలోమీటరు లోపు బాటకు పన్నెండేళ్లు పట్టింది. ఇప్పుడు అది టికెట్ తీసుకుని, ఇచ్చిన వేళకు వెళ్లాల్సిన చోటు. స్పెయిన్‌లోని కమినితో దెల్ రేయ్‌ది ఇంకా విషాదం. జలవిద్యుత్ కేంద్రం కార్మికుల కోసం 1901 నుంచి 1905 వరకు లోయగోడకు అతికించినట్టు కట్టిన ఇరుకు దారి అది, కింద వంద మీటర్ల లోతున నది. 1921లో స్పెయిన్ రాజు ఆల్ఫోన్సో 13 నడిచాడు గనక ‘రాజుగారి చిన్నబాట’ అయింది. దశాబ్దాలు పట్టించుకోక కాంక్రీటు రాలిపోయింది. 1999, 2000 సంవత్సరాల్లో వరసగా మనుషులు పడి చనిపోయాక ప్రవేశాలు తొలగించారు. 2015 మార్చిలో కొత్త చెక్కదారితో మళ్లీ తెరిచారు. పాత దారి శిథిలాలు దాని కిందే వేలాడుతుంటాయి, నడిచేవాళ్లకు స్పష్టంగా కనబడతాయి.

దీనికి ఎదురు ఉదాహరణ అమెరికాలోని అపలాచియన్ ట్రయల్. 1921లో బెంటన్ మకాయ్ అనే అటవీ నిపుణుడు ఒక పత్రికా వ్యాసంలో ప్రతిపాదించాడు. 1937 నాటికి జార్జియా నుంచి మేన్ దాకా 14 రాష్ట్రాల మీదుగా బాట పూర్తయింది. మరుసటి ఏడే పెనుతుపాను ఉత్తర భాగాన్ని ధ్వంసం చేసింది. తర్వాత యుద్ధం వచ్చింది, చేతులు లేవు. బాట మొత్తం మళ్లీ తెగకుండా కలిసింది 1951లో. వేయడానికి పదహారేళ్లు పడితే, తెగింది అతకడానికి పదమూడు! నేడు దాని పొడవు సుమారు 3,500 కిలోమీటర్లు. దాన్ని ముప్పై దాకా వాలంటీర్ క్లబ్బులు ముక్కలుగా పంచుకుని చూస్తాయి. ఫలానా గుట్ట నుంచి ఫలానా వాగు దాకా ఎవరిదో అందరికీ తెలుసు. 2024 సెప్టెంబరులో హెలీన్ తుపాను దక్షిణ భాగంలో చెట్లను కుప్పకూల్చినప్పుడు రంపాలతో ముందు కదిలినవాళ్లలో ఆ క్లబ్బులవాళ్లు ఉన్నారు.

అయితే వాలంటీర్లున్నారు కదా, ప్రభుత్వానికి ఖర్చేమిటన్న వాదన ప్రమాదకరం. వాలంటీరు పనికి శిక్షణ, పనిముట్లు, బీమా, రాళ్లు చేరవేసే ఏర్పాటు, ఎక్కడ తవ్వకూడదో చెప్పే అధికారి, ఇవన్నీ జీతమిచ్చి నడిపే వ్యవస్థ నుంచే రావాలి. ఉచిత శ్రమను ఒక పద్ధతిలో వాడుకోవడానికీ డబ్బు కావాలి.

లాభం లెక్కలు

స్పెయిన్‌లో సాంతియాగోకు వెళ్లే మధ్యయుగపు యాత్రామార్గం ఇరవయ్యో శతాబ్దంలో దాదాపు అణగారిపోయింది. ఓ సెబ్రేరో అనే కొండఊరి చర్చి ఫాదర్ ఎలియాస్ వలీన్యా 1980లలో రోడ్డు పనుల్లో మిగిలిన పసుపు రంగు డబ్బాలు తీసుకుని, దారి పొడవునా చెట్లకూ గోడలకూ బాణం గుర్తులు వేస్తూ పోయాడు. ఆ పసుపు బాణమే నేటికీ ఆ మార్గానికి చిహ్నం. 1986లో యాత్ర పూర్తిచేసినట్టు ధ్రువపత్రం తీసుకున్నవారు 2,491 మంది. 2023లో 4,46,000కు పైనే. పునరుద్ధరణ కథల్లో ఇంత చవకగా మొదలై ఇంత దూరం వెళ్లింది మరొకటి కనబడదు.

కాలినడకన వెళ్లేవాళ్లు తెచ్చే డబ్బుకు ఒక ప్రత్యేకత ఉంది. కారులో వచ్చినవాడు పేరున్న చోట ఆగి, ఫొటో తీసుకుని, రాత్రికి నగరం చేరతాడు. నడిచేవాడు రోజుకు ఇరవై పాతిక కిలోమీటర్లకు మించి పోలేడు. మూట మోయాలి కాబట్టి ఎక్కువ వెంట తీసుకెళ్లలేడు. ఎక్కడ పొద్దుపోతే అక్కడ పడక కావాలి, తిండి కావాలి, తెగిన చెప్పుకు కుట్టు కావాలి. కాబట్టి ఖర్చు దారి పొడవునా చిల్లరగా, ఏ మ్యాపులోనూ పెద్దక్షరాల్లో లేని ఊళ్లలో రాలుతుంది. న్యూజిలాండ్‌లోని ఒటాగోలో 1990లో మూతబడిన రైలుమార్గం 2000లో 152 కిలోమీటర్ల సైకిల్, నడకదారిగా మారింది. రైలు ఆగాక ఖాళీ అవుతూ వచ్చిన స్టేషన్ ఊళ్లలో బసలు, హోటళ్లు తిరిగి తెరుచుకున్నాయి.

ఈ కథలు చెప్పి ప్రతి పాత బాటా బంగారు గుడ్లు పెడుతుందనడం మోసం. సాంతియాగో లెక్కల్లోనే ఒక కిటుకుంది. చివరి 100 కిలోమీటర్లు నడిస్తే ధ్రువపత్రం ఇస్తారు. అందుకని ఆ గీతకు కాస్త ఇవతల ఉన్న సార్రియా ఊళ్లో మొదలుపెట్టేవాళ్లే చాలామంది. అక్కడి నుంచి దారి కిటకిట, దానికి ముందున్న వందల కిలోమీటర్ల ఊళ్లకు అందులో వాటా తక్కువ. పైగా దేశదేశాల నుంచి జనాన్ని రప్పించగల బాటలు చాలా కొద్ది. మిగతావన్నీ చుట్టుపక్కలవాళ్లు నడిచేవే.

నిజానికి ఆ మిగతావే ముఖ్యం. ప్రపంచ ఆరోగ్య సంస్థ పెద్దవాళ్లకు వారానికి కనీసం 150 నిమిషాల ఓ మోస్తరు శ్రమ అవసరమంటుంది. 2022 లెక్కల ప్రకారం ప్రపంచంలోని పెద్దవాళ్లలో 31 శాతం మంది, అంటే 180 కోట్ల మంది, అంత మాత్రం కూడా కదలడం లేదు. ఏడాదికోసారి విమానమెక్కి వెళ్లే ప్రసిద్ధ బాట ఈ లెక్కను మార్చలేదు. ఇంటికి పావుగంట దూరంలో ఉండి, చీకటి పడినా భయం లేకుండా, వాన పడినా జారకుండా ఉండే రెండు కిలోమీటర్ల మామూలు బాట మార్చగలదు. చక్రాల కుర్చీ తోసుకెళ్లగలిగితే, చంటిపిల్ల బండి పట్టేంత గేటు ఉంటే ఇంకా ఎక్కువ మారుస్తుంది. ఇంగ్లండ్ లేక్ డిస్ట్రిక్ట్‌లో కంచె దాటే మెట్లు లేకుండా కొన్ని దారులను ప్రత్యేకంగా గుర్తించి ఉంచడం ఇందుకే. బాటల మీద పెట్టే పైసల్లో ఆరోగ్యపరంగా ఎక్కువ ప్రతిఫలం ఇచ్చేవి వార్తలకెక్కని ఇలాంటి చోట్లవే. పర్యాటక శాఖల ప్రణాళికల్లో వాటికి చోటుండదు, ఎందుకంటే వాటి మీద నడిచేవాళ్లు పర్యాటకులు కారు.

కాగితం మీద పూడిపోయే దారి

బాట నేల మీద చెక్కుచెదరకుండా ఉండి కూడా పోవచ్చు. ఎవరో కంచె వేస్తారు, గేటుకు తాళం పడుతుంది, అడిగితే చూపడానికి పత్రం ఉండదు. 1932 ఏప్రిల్ 24న ఇంగ్లండ్‌లో కిండర్ స్కౌట్ అనే కొండ మీదికి వందలమంది కార్మికులు మూకుమ్మడిగా ఎక్కారు. అది వేట కోసం దొరలు ఉంచుకున్న ప్రైవేటు భూమి. కాపలావాళ్లతో తోపులాట అయింది, అయిదుగురు జైలుకెళ్లారు. సరిగ్గా ముప్పై మూడేళ్ల తర్వాత అదే తేదీన పెన్నైన్ వే తెరుచుకుంది.

ఈ రెంటికీ మధ్య 1949లో వచ్చిన చట్టం ఇంగ్లండ్, వేల్స్‌లలో స్థానిక సంస్థలు జనం నడిచే హక్కున్న ప్రతి దారినీ అధికారిక పటంలో గీసి తీరాలంది. పటంలో గీత ఉంటే చాలు, భూమి ఎన్ని చేతులు మారినా ఆ దారిన నడిచే హక్కు పోదు. కానీ గీతలు గీసినప్పుడు చాలా దారులు జారిపోయాయి. ర్యాంబ్లర్స్ అనే నడకదారుల సంఘం 2020లో వేలాది వాలంటీర్లను కూడగట్టి, పాత పటాలను కొత్తవాటి పక్కన పెట్టి చూసింది. 49,000 మైళ్ల దారులు అధికారిక పటంలోకి ఎక్కలేదని తేలింది. 2000 నాటి చట్టం ప్రకారం 2026 జనవరి 1 దాటితే, పాత పత్రాల ఆధారంగా ఇంగ్లండ్‌లో దారిని నమోదు చేయించుకునే అవకాశం పోవాలి. ఆ గడువును తర్వాత 2031కి జరిపారు. 2024 చివర్లో అసలు గడువే ఎత్తేస్తామని ప్రభుత్వం ప్రకటించింది. మట్టి మోయడమే మరమ్మతు అనుకుంటాం గానీ, పాత రెవెన్యూ పటాన్ని భూతద్దంతో చూసి దరఖాస్తు నింపడమూ బాట మరమ్మతే.

రైలుదారుల విషయంలో అమెరికా ఇంకో ఎత్తు వేసింది. నిలిచిపోయిన రైలుమార్గం కింద భూమి చాలాచోట్ల రైలు కంపెనీది కాదు, వాడుకునే హక్కు మాత్రమే కంపెనీది. రైలు ఆగిందంటే ముక్కలు ముక్కలుగా పక్క రైతులకు తిరిగిపోతుంది. ఒకసారి తెగిన వంద కిలోమీటర్ల పట్టీని మళ్లీ కలపడం ఎవరి తరమూ కాదు. అందుకని 1983లో చట్టాన్ని సవరించారు. భవిష్యత్తులో రైలు మళ్లీ రావచ్చన్న పేరుతో ఆ పట్టీని ‘నిల్వ’ ఉంచి, ఈలోగా నడకకు, సైకిళ్లకు ఇస్తారు. భూయజమానులు కోర్టుకెళ్లారు. 1990లో సుప్రీంకోర్టు చట్టం చెల్లుతుందని, నష్టపోయినవారు పరిహారం కోరవచ్చని తీర్పిచ్చింది. రైతుల వాదనలోనూ పస ఉంది. రైలు పోయాక తమ భూమి తమకొస్తుందని తరాలుగా అనుకున్నవారికి ఇంటి వెనక సైకిళ్ల వరస మొదలైతే కోపం రాదా? పరిహారం ఖజానా మీద పడింది, పట్టీ మిగిలింది.

అరుగుదల కూడా చరిత్రే

చారిత్రక బాటను ఏ స్థితికి తేవాలన్నది తేలని తగవు. వందల ఏళ్ల నడకకు, బండి చక్రాలకు కొన్ని దారులు మనిషి లోతున దిగబడి డొంకల్లా ఉంటాయి. దాన్ని మట్టితో నింపి చదును చేస్తే నడక సుఖమే, కానీ చూడాల్సిన చరిత్రంతా ఆ లోతులోనే ఉంది. అరిగిన రాతిమెట్టును తీసి కొత్తది పెడితే కాలు జారదు, తరాల పాదాల గుర్తు పోతుంది. నీటిని మళ్లించి, మెట్టును అలాగే ఉంచి, పక్కన కొత్త అడుగు పేర్చడం చాలాసార్లు మధ్యేమార్గం అవుతుంది. అన్నిచోట్లా కుదరదు.

భూటాన్‌లో పడమటి హా నుంచి తూర్పున త్రాషీగాంగ్ దాకా 403 కిలోమీటర్ల పాత దారి ఉంది. ఉత్తరాలు మోసే పరుగరులు, సైనికులు, యాత్రికులు శతాబ్దాలు నడిచారు. 1960లలో మోటారు రోడ్డు వచ్చాక వంతెనలు కూలాయి, అడవి కమ్ముకుంది. కోవిడ్ కాలంలో పని పోయినవాళ్లను ఇందులో పెట్టి బాగుచేశారు, 2022 సెప్టెంబరులో తెరిచారు. ఎక్కడ దారి ఉండేదో చెప్పింది ఊళ్లలోని ముసలివాళ్లు. ఇంకో ఇరవై ఏళ్లు ఆలస్యమైతే ఆ చెప్పేవాళ్లుండరు.

అన్ని బాటలూ ఆహ్లాదం కోసం కావు. 1838, 1839లలో చెరోకీ అనే ఆదివాసీ ప్రజలను సొంత నేల నుంచి వెళ్లగొట్టి పడమటికి నడిపించిన దారులను అమెరికా 1987లో జాతీయ చారిత్రక మార్గంగా ప్రకటించింది. ఆ నడకలో వేలమంది చనిపోయారు. 1965లో ఓటుహక్కు కోసం నల్లజాతి ప్రజలు సెల్మా నుంచి మాంట్‌గోమరీకి నడిచిన 54 మైళ్ల దారికి 1996లో ఆ గుర్తింపు వచ్చింది. అది చాలామటుకు మామూలు హైవే. చెట్టూ చేమా చూడాలని అక్కడికి ఎవరూ వెళ్లరు. నాలుగు రోజుల పైన నడిస్తే తప్ప, ఆ 54 మైళ్లు ఎంత దూరమో పుస్తకం చదివినవాడికి ఒంటికి తెలియదు. పర్యాటకుల సంఖ్యతో, ఊళ్ల ఆదాయంతో వీటి విలువ కొలవబోతే కొలబద్దే తప్పు.

తెరిచి ఉంచడమూ కాదు, మూయడమూ కాదు

జనం లేక చచ్చే బాటలున్నట్టే జనం ఎక్కువై చచ్చేవీ ఉన్నాయి. పెరూలో మాచు పిచ్చు అనే ఇంకాల కాలపు ఊరికి వెళ్లే ‘ఇంకా ట్రయల్’ మీద గైడ్లు, మూటలు మోసేవాళ్లతో కలిపి రోజుకు 500 మందికే అనుమతి. ఫిబ్రవరి నెలంతా మరమ్మతుల కోసం మూసేస్తారు. ఫుజి కొండ యోషిదా దారిలో 2024 నుంచి గేటు పెట్టి రోజుకు 4,000 మందికి మించి వదలడం లేదు, ఆ మొదటి ఏడాది మనిషికి 2,000 యెన్లు వసూలు చేశారు. పరిమితి అనగానే స్వేచ్ఛ పోయిందని గోల మొదలవుతుంది. అందరిదీ అయిన దారిలో ముందు వచ్చినవాడికో, డబ్బున్నవాడికో టోకెన్ ఇవ్వడం న్యాయమా అన్న అభ్యంతరంలో బరువుంది. ఏడాదిలో ఒక నెల విశ్రాంతి అనే పెరూ పద్ధతికి ఆ చిక్కు లేదు. మూసినప్పుడు అందరికీ మూసే ఉంటుంది.

కొన్ని బాటలను వదిలేయడమే సరి. పీట్ మీద, గూళ్లు పెట్టే తావుల మీదుగా, లేదా నీరు ఎటూ పోలేని నిటారు వాలు మీద ఎవరో ఏనాడో తెలియక వేసినవాటిని ఎంత బాగుచేసినా నిలవవు. వాటిని మూసి, కాస్త దూరంగా మంచి వాలున కొత్తది వేయడం నేర్పున్న బాటపనివాళ్లు ఏళ్లుగా చేస్తున్నదే. పాతదైనంత మాత్రాన పవిత్రమైపోదు.

జపాన్‌లోని కీ కొండల్లో కుమానో యాత్రామార్గాలు 2004లో ప్రపంచ వారసత్వ జాబితాకెక్కాయి. విపరీతంగా వానలు కురిసే చోటు అది, తుపాను వచ్చిన ప్రతిసారీ మట్టి దిగిపోతుంది. దారి బాగుచేయడాన్ని అక్కడ మిచిబుషిన్ అంటారు. పూర్వం నుంచీ ఉన్న ఆ మాటతోనే అక్కడి వకయామా ప్రాంత అధికారులు ఇప్పుడొక కార్యక్రమం నడుపుతున్నారు. బడిపిల్లలు, కంపెనీల ఉద్యోగులు, యాత్రకు వచ్చినవాళ్లు కింద సంచుల్లో మట్టి నింపుకుని, కోతపడిన చోటికి మోసుకెళ్లి పోసి, దిమ్మిసాతో కొడతారు. పక్కనే కాలువలో చేరిన ఆకులు తీస్తారు. తర్వాత ఆ మట్టి మీదుగానే నడిచి కిందికి దిగుతారు. వచ్చే తుపానుకు అందులో కొంత పోతుంది. మట్టి మోయడానికి ఇంకో బృందం వస్తుంది.